35 కిలోలు... వంద మీటర్లు... ఒకే ఛాన్స్!
కొలువుల వేటలో ఉన్నవారు జిమ్‌లో మొదటి మూడు నెలలు ఏం చేయాలి?

రాత పరీక్షకు ఏడాది చదివి, కటాఫ్ దాటి, చివరికి ఒక ఇసుక మూట దగ్గర ఉద్యోగం పోగొట్టుకోవడం కంటే బాధ ఇంకోటి ఉండదు. రైల్వే గ్రూప్-డీగా అందరూ పిలిచే లెవెల్-1 పోస్టుల ఫిజికల్ టెస్ట్‌లో జరిగేది ఇదే. అబ్బాయిలు 35 కిలోల బరువు ఎత్తి, ఎక్కడా కింద పెట్టకుండా, 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి. అమ్మాయిలకైతే 20 కిలోలు. ఇచ్చేది ఒకే ఛాన్స్. 2025 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్‌లో ఇలాంటి పోస్టులు 32,438. ట్రాక్ మెయింటెయినర్, పాయింట్స్‌మన్, రకరకాల అసిస్టెంట్లు... అన్నీ ఒళ్లు వంచే పనులే.

ఎర్రుపాలెం వాళ్లకు ఆ పని ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కాజీపేట - విజయవాడ లైను ఊరి పక్క నుంచే పోతుంది. ఎండలో పట్టాల వెంట పనిముట్లు భుజాన వేసుకుని నడిచే గ్యాంగ్‌ను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. వాళ్ల కాళ్ల దగ్గరున్న పట్టా ఒక్క మీటరు ముక్కే 60 కిలోలు తూగుతుంది. పరీక్షలో 35 కిలోలు ఎందుకు పెట్టారో దాన్ని బట్టే తెలుస్తుంది.

అయితే ఈ కథ రైల్వేతో ఆగదు. తెలంగాణ పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 7.26 కిలోల గుండును 6 మీటర్లు విసరాలి, 4 మీటర్లు దూకాలి, 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. అమ్మాయిలకు 4 కిలోల గుండు 4 మీటర్లు, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లు. అగ్నివీర్‌లో పుల్ అప్స్ పది తీస్తే 40 మార్కులు, ఆరుతో ఆగితే 16. గత నోటిఫికేషన్లలో ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు అబ్బాయిలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, అమ్మాయిలు అంతే సమయంలో 16 కిలోమీటర్లు నడవాలి. ఖమ్మం - భద్రాచలం అడవుల దగ్గర పుట్టిన పిల్లలు ఎక్కువగా కలగనే ఉద్యోగం అదే కాబట్టి ఆ లెక్క కూడా గుర్తుంచుకోవాలి. నోటిఫికేషన్ మారితే అంకెలు మారొచ్చు, కొత్తది రాగానే ఒకసారి సరిచూసుకోండి. ఒంట్లో బలం మాత్రం నోటిఫికేషన్ వచ్చాక నెలలో పెరగదు.

అందుకే ఈ మధ్య డిగ్రీ పిల్లలు జిమ్ వైపు చూస్తున్నారు. మంచిదే. చిక్కంతా జిమ్‌లో చేరాక మొదలవుతుంది. చేరిన రోజే పక్కవాడిని చూసి రాడ్‌కు ప్లేట్లు ఎక్కించడం, మూడో రోజుకు మెట్లు దిగలేక మంచం పట్టడం, రెండో వారానికి మానేయడం. నెల ఫీజు అలా పోతుంది. చాలామంది విషయంలో వరస ఇదే.

తాలింఖానా మనకు కొత్త కాదు

బరువులెత్తడం పట్నం పిల్లల ఫ్యాషన్ అనుకునే పెద్దలు ఇంట్లో ఉంటే వాళ్లకు రెండు పేర్లు చెప్పండి. కోడి రామమూర్తి నాయుడు పేరు తెలియని తాతలు ఉండరు. రెండోది దండమూడి రాజగోపాల్. ఎర్రుపాలెంలో రైలెక్కితే దిగే పెద్ద ఊరు విజయవాడ, ఆయనది ఉమ్మడి కృష్ణా జిల్లానే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున వెయిట్‌లిఫ్టింగ్‌లో పాల్గొన్నారు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో భీముడు ఆయనే. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అప్పట్లో పుల్లీ మెషీన్లు, అద్దాల గోడలు ఎక్కడివి? దండీలు, బస్కీలు, గదలు, రాతి గుండ్లు, ఒక ఇనుప రాడ్... వ్యాయామశాల అంటే అంతే.

అమ్మాయిలకు చెప్పాల్సిన పేరు కరణం మల్లేశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన పిల్ల. మరీ బక్కగా ఉందని మొదట్లో శిక్షణకు వద్దన్నారు. ఆ పిల్లే 2000లో సిడ్నీ ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆ రోజు చివరి ప్రయత్నంలో ఆమె రాడ్ మీద 137.5 కిలోలు పెట్టారు. అంటే ఒకేసారి 7.5 కిలోలు పెంచారు. అది లేవలేదు. పైనున్న ఇద్దరూ ఎత్తిన మొత్తం 242.5 మాత్రమే. ప్రపంచ ఛాంపియన్ ఒలింపిక్ వేదిక మీద స్వర్ణం కోసం తీసుకున్న సాహసం అది, దాన్ని తప్పుపట్టే అర్హత మనకు లేదు. కానీ జిమ్‌లో చేరి పది రోజులైన పిల్లాడు ఒక్కసారే పది కిలోలు పెంచుతుంటే మాత్రం ఈ లెక్క గుర్తొస్తుంది.

ఆ తర్వాతి తరంలో స్టువర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలు ఎత్తి స్వర్ణం సాధించాడు. వీళ్ల దారి వేరు. రైల్వేలాంటి సంస్థల్లో స్పోర్ట్స్ కోటా ఉన్నా దానికి పోటీల స్థాయి ప్రతిభ, సర్టిఫికెట్లు కావాలి. డిగ్రీ ఫైనలియర్‌లో జిమ్‌లో చేరి ఆ కోటా మీద ఆశ పెట్టుకోవద్దు. మన పని అంతకంటే చాలా చిన్నది. మామూలు ఒంటిని మూడు నెలల్లో 35 కిలోలకు భయపడని ఒంటిగా మార్చుకోవడం. అది అందరికీ సాధ్యమే.

మొదటి రోజు ఖాళీ రాడ్

జిమ్‌లో మీరు చూసే పొడవాటి ఒలింపిక్ రాడ్ ఒక్కటే 20 కిలోలు ఉంటుంది. మహిళల పోటీల్లో వాడేది 15 కిలోలు. చిన్న ఊళ్ల జిమ్‌లలో పొట్టి రాడ్‌లు, సన్న రాడ్‌లు ఉంటాయి, అవి ఇంకా తక్కువ తూగుతాయి. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ‘అన్నా, ఈ రాడ్ ఎంత?’ అన్నదే. అది తెలియకుండా లెక్క రాసుకుంటే తర్వాత అంతా తప్పే.

మొదటి వారం ప్లేట్లు ముట్టుకోకండి. రాడ్ కూడా బరువనిపిస్తే రెండు చేతుల్లో చిన్న డంబెల్స్ చాలు. ఈ వారంలో నేర్చుకోవాల్సింది కదలిక. కూర్చుని లేవడం, నడుము దగ్గర వంగి నేల మీది బరువు తీయడం, ముందుకు నెట్టడం, తల మీదికి ఎత్తడం, తన వైపు లాక్కోవడం. మనిషి ఒళ్లు చేసే పెద్ద పనులు ఇవే. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్, ఓవర్‌హెడ్ ప్రెస్, రోయింగ్ అన్నవి వీటికి జిమ్ పెట్టిన పేర్లు. బస్కీలు తీసిన వాడికి స్క్వాట్, దండీలు తీసిన వాడికి బెంచ్ ప్రెస్ సగం వచ్చినట్టే.

ఇక్కడ చాలా జిమ్‌లలో కనిపించే ఒక అలవాటు గురించి చెప్పాలి. సోమవారం ఛాతీ, మంగళవారం బైసెప్స్, బుధవారం భుజాలు... ఇలా వారమంతా పంచి, కాళ్ల రోజు వచ్చేసరికి డుమ్మా కొట్టడం. అద్దంలో కనిపించేది ఛాతీ, చేతులే కదా! ఏళ్లుగా చేస్తున్న వాళ్లకు ఆ పద్ధతి కుదురుతుందేమో. కొత్తగా వచ్చిన వాడికి, అందులోనూ ఉద్యోగం కోసం వచ్చిన వాడికి అది దండగ. మూట మోసేది కాళ్లు, నడుము. గుండు విసిరేటప్పుడు బలం పుట్టేది కాళ్లలోనే. లాంగ్ జంప్ సంగతి చెప్పేదేముంది.

వారానికి మూడు రోజులు, ఒక్కో రోజూ ఒళ్లంతా. సోమ, బుధ, శుక్రవారాలనుకుందాం. ఒక రోజు స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్. తర్వాతి రోజు డెడ్‌లిఫ్ట్, ఓవర్‌హెడ్ ప్రెస్, పుల్ అప్స్. పుల్ అప్ ఒక్కటి కూడా రాకపోతే పుల్లీ మెషీన్ మీద లాగడం, లేదా బల్ల ఎక్కి గడ్డం పైకి పెట్టి మెల్లగా కిందికి దిగడం. ఈ రెండు రోజుల పనిని ఒకటి విడిచి ఒకటి చేసుకుంటూ పోవాలి. ఒక్కోదానికీ మూడు సెట్లు, సెట్‌కు 8 నుంచి 10 కౌంట్లు. సెట్‌కూ సెట్‌కూ మధ్య రెండు నిమిషాలకు తగ్గకుండా విరామం. ఆ విరామంలో ఫోన్ తీస్తే రెండు నిమిషాలు పదవుతాయి, ఫోన్ బ్యాగులోనే ఉంచండి. మొత్తం కలిపి గంటలో అయిపోవాలి. అంతకంటే ఎక్కువ సేపు జిమ్‌లో ఉన్నారంటే కబుర్లు జరుగుతున్నాయని అర్థం.

బరువు ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి తేలిక కొలత ఉంది. పదో కౌంట్ అయ్యాక ఇంకో రెండు తీయగలిగే ఓపిక మిగలాలి. ఐదారు తీయగలిగితే బరువు తక్కువ. పదోది వణుకుతూ నడుము వంకర తిప్పి లేపారంటే ఎక్కువ. మూడు సెట్లూ పదేసి శుభ్రంగా వచ్చాక 2.5 కిలోలు పెంచండి. వారానికి అంతే. 20 కిలోల ఖాళీ రాడ్‌తో మొదలెట్టి వారానికి 2.5 చొప్పున పెంచితే పన్నెండు వారాలకు 50 కిలోలవుతుంది. మధ్యలో ఒకటి రెండు వారాలు ఆగిపోయినా 45 దగ్గర ఉంటారు. నలభై అయిదు కిలోలతో పదిసార్లు గుంజీలు తీసేవాడికి 35 కిలోల మూట ఏమంత?

పాత నోట్‌బుక్ ఒకటి తీసి తేదీ, వ్యాయామం, బరువు, కౌంట్లు రాయండి. గ్రూప్స్ ప్రిపరేషన్‌కు టైమ్‌టేబుల్ గోడకు అంటించే పిల్లలు జిమ్‌లో లెక్క ఎందుకు రాయరో అర్థం కాదు. ‘పోయిన వారం ఎంత ఎత్తావురా’ అంటే సగం మంది దగ్గర జవాబు ఉండదు.

మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో అద్దంలో పెద్ద మార్పు కనిపించదు. కానీ ఎత్తే బరువు పెరుగుతూనే ఉంటుంది. కండ ఇంకా పెరగక ముందే, ఉన్న కండను బాగా వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి, తొలి బలంలో ఎక్కువ భాగం అదే. ‘నెలైంది, బాడీ రాలేదు’ అని మానేసేవాళ్లు సరిగ్గా ఈ దశలోనే మానేస్తారు. నోట్‌బుక్ ఉంటే మానరు.

నొప్పి వేరు, దెబ్బ వేరు

తొలిసారి చేశాక మర్నాడు, ఆ మర్నాడు ఒళ్లు పట్టేసినట్టుంటుంది. 24 గంటల తర్వాత మొదలై మూడు రోజుల్లో తగ్గిపోయే ఆ నొప్పి మామూలే. మంచం మీద పడుకోవడం కంటే నడిస్తే త్వరగా పోతుంది. కీలు దగ్గర సూదిలా గుచ్చినా, నడుము నుంచి కాలిలోకి జివ్వుమని పాకినా, వాపు వచ్చినా అది దెబ్బ. ఆ వ్యాయామం ఆపాలి, తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి.

ఇంకొకటి ఉంది. అరుదే కానీ ప్రమాదం. స్నేహితులతో పందెం కట్టి మొదటి రోజే వందల కొద్దీ బస్కీలు తీసేవాళ్లలో కండరాలు లోపలే చితికి, ఆ వ్యర్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడొచ్చు. కాళ్లు విపరీతంగా వాచి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే ఇంట్లో ఆయిల్ మర్దనలు చేస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మే నెల ఖమ్మం ఎండల్లో, నీళ్లు తాగకుండా చేసేవాళ్లకు ఈ ముప్పు మరింత ఎక్కువ. ఎండాకాలంలో తెల్లవారుజామున లేదా పొద్దుగూకాక చేయండి. నీళ్ల సీసా పక్కన ఉండాలి.

గుండె జబ్బు, ఆస్తమా, పాత దెబ్బలు, హెర్నియా ఉన్నవాళ్లు చేరే ముందే డాక్టర్‌ను అడగాలి. మిగతావాళ్లు వార్మప్ ఎగ్గొట్టకుండా ఉంటే చాలు. ఐదు నిమిషాలు చురుగ్గా నడక, చేతులు కాళ్లు తిప్పడం, తర్వాత ఎత్తబోయే వ్యాయామాన్నే ఖాళీ రాడ్‌తో ఒక సెట్. బెంచ్ ప్రెస్ మాత్రం ఒంటరిగా చేయొద్దు. రాడ్ ఛాతీ మీద ఆగిపోతే పట్టుకోవడానికి ఒక మనిషి తల దగ్గర నిలబడాలి. కొత్త జిమ్‌లో ‘అన్నా, కొంచెం పట్టుకుంటావా’ అని అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. అడగండి, కాదనేవాడు ఉండడు.

మూట మోసే విద్య

100 మీటర్లకు 2 నిమిషాలంటే గంటకు 3 కిలోమీటర్ల వేగం. మామూలు నడక కంటే నెమ్మది! కాబట్టి మూట భుజాన పడ్డాక పరుగెత్తాల్సిన అవసరమే లేదు. ఈ లెక్క వేసుకోకపోతే విజిల్ వినగానే పరుగు తీస్తాం. మూట జారుతుంది, కింద పడుతుంది, ఉద్యోగం దానితోపాటే పోతుంది. ఈ పరీక్షలో కష్టమైనవి రెండే. నేల మీద నుంచి మూటను పైకి తేవడం, తెచ్చాక జారకుండా పట్టుకోవడం.

రెండూ జిమ్‌లో పూర్తిగా రావు. రాడ్‌కు పట్టు ఉంటుంది, ఇసుక మూటకు ఉండదు. పాత యూరియా సంచి ఒకటి తీసుకుని, లోపల ఇంకో ప్లాస్టిక్ సంచి పెట్టి, ఇసుక నింపి గట్టిగా కుట్టండి. కిరాణా కొట్టు కాటా మీద తూచండి. అబ్బాయిలు 15 కిలోలతో, అమ్మాయిలు 8 కిలోలతో మొదలుపెట్టొచ్చు. వారానికి రెండుసార్లు, జిమ్ పని చివర్లోనో విడిగానో 50 మీటర్లు నాలుగుసార్లు. రెండు వారాలకు దూరాన్ని 100 మీటర్లు చేసి, తర్వాత కొంచెం కొంచెంగా ఇసుక కలపండి. పరీక్షకు రెండు వారాల ముందు నాటికి అబ్బాయిలు 40, అమ్మాయిలు 24 కిలోలు కింద పెట్టకుండా మోస్తుంటే ఆ రోజు 35, 20 తేలిగ్గా అనిపిస్తాయి.

ఎత్తే తీరు మిర్చి యార్డులో హమాలీలను చూస్తే తెలుస్తుంది. వాళ్లెవరూ కాళ్లు నిటారుగా పెట్టి నడుము విల్లులా వంచి బస్తా లాగరు. మూటకు దగ్గరగా నిలబడతారు. మోకాళ్లు వంచి కిందికి దిగి, మూటను ఒంటికి ఆనించుకుని ముందు తొడ మీదికి తెస్తారు. అక్కడ ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, తుంటి ఒక్క నెట్టుతో భుజం మీదికి వేస్తారు. ఇందులో ఉన్నది డెడ్‌లిఫ్ట్, స్క్వాట్‌లే. జిమ్‌లో నేర్చుకునే ఆ రెండూ ఇక్కడికి అలా పనికొస్తాయి. మూట మెడకు దగ్గరగా ఉండాలి, ఒక చెయ్యి పైనుంచి పట్టుకోవాలి, చూపు నేల మీద కాకుండా ముందుకు ఉండాలి. అడుగులు చిన్నవి.

ఇంటి దగ్గర పత్తి, వరి, మిర్చి పనులకు వెళ్లే పిల్లలకు ఈ విద్య ముందే వచ్చు. వాళ్లకు నా మాట ఒక్కటే, దాన్ని తక్కువగా అనుకోవద్దు. పట్నం జిమ్‌లో నాలుగు నెలలు ఫీజు కట్టిన వాడి కంటే మీరు ఒకడుగు ముందే ఉన్నారు. అయితే ఒకే భుజం మీద మోసే అలవాటుంటే రెండో వైపు కూడా నేర్పండి.

మూట అయిపోయాక పరుగు మిగిలి ఉంటుంది. రైల్వేలో అబ్బాయిలకు 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకు 5 నిమిషాల 40 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో రౌండ్ అబ్బాయిలు 1:42కు, అమ్మాయిలు 2:16కు పూర్తి చేయాలన్నమాట. జిమ్ మోజులో పడి పరుగు మానేసి, ఒళ్లు బరువెక్కి, పరుగులో పోయే వాళ్లున్నారు. జిమ్ లేని రోజుల్లో పరుగు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు తప్పకపోతే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. స్క్వాట్ చేసిన మర్నాడు టైమ్ పెట్టుకుని పరుగెత్తి, ‘వేగం తగ్గిపోయింది’ అని దిగులుపడకండి. అది ఆ రోజు అలసటే.

పరీక్షకు వారం ముందు బరువులు సగానికి తగ్గించాలి. చివరి మూడు రోజులు జిమ్ వద్దు.

అమ్మాయిల మాట

జిమ్ అంటే అమ్మాయిల ఇళ్లలో వచ్చే మొదటి మాట ‘మగాడిలా తయారవుతావు’. అబ్బాయిలే ఏళ్ల తరబడి తిని, ఎత్తి, చెమటోడిస్తే గానీ రాని కండలు అమ్మాయిలకు మూడు నెలల్లో ఎలా వస్తాయి? కండ పెరగడానికి కావాల్సిన టెస్టోస్టిరాన్ ఆడవాళ్లలో చాలా తక్కువ. బలం వస్తుంది, ఎముక గట్టిపడుతుంది, నడక మారుతుంది. నెలసరి రోజుల్లో చేయకూడదన్న నియమమేమీ లేదు. ఓపిక ఉంటే చేయొచ్చు, లేకపోతే ఆ రోజు మానేయొచ్చు.

అసలు అడ్డంకి వేరే ఉంది. పక్క ఊరి జిమ్‌కు సాయంత్రం వెళ్లి చీకటి పడ్డాక తిరిగి రావడం, అక్కడ అందరూ అబ్బాయిలే ఉండటం. లేడీస్ టైమింగ్ ఉందా అని అడగండి. లేకపోతే నలుగురు కలిసి వెళ్లి ఒక గంట కేటాయించమనండి, నాలుగు ఫీజులు వస్తాయంటే ఏ ఓనరైనా ఆలోచిస్తాడు. అదీ కుదరకపోతే పైన చెప్పిన ఇసుక సంచీతో ఇంటి డాబా మీదే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, రోయింగ్, ప్రెస్ అన్నీ చేయొచ్చు. నిజానికి ఇది అబ్బాయిలకూ వర్తిస్తుంది. ఎర్రుపాలెం చుట్టుపక్కల పల్లెల నుంచి మధిరకో ఖమ్మానికో జిమ్ కోసమే రోజూ వెళ్లి రావడం, ఛార్జీలు, ఫీజు, పోయే చదువు గంటలు కలుపుకుంటే అందరికీ గిట్టుబాటు కాదు. కాలేజీ ఉన్న ఊళ్లోనే జిమ్ చూసుకోవడం తెలివైన పని. ఊళ్లలో 2022 నుంచి వచ్చిన తెలంగాణ క్రీడా ప్రాంగణాల్లో మీ ఊరిది వాడుకలో ఉంటే పుల్ అప్ బార్, లాంగ్ జంప్ గుంత అక్కడ చూడండి.

ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు. ఒప్పుకోవద్దు. మొదట ఒక నెలే కట్టండి. చేరే ముందు సాయంత్రం రద్దీ వేళ ఒకసారి వెళ్లి చూడండి. స్క్వాట్ స్టాండ్ ఉందా, 2.5 కిలోల ప్లేట్లు ఉన్నాయా, ట్రైనర్ కొత్తవాళ్ల దగ్గర నిలబడి నేర్పుతున్నాడా, లేక కౌంటర్ దగ్గర కూర్చుని డబ్బాలు అమ్ముతున్నాడా? ఆ చివరిది చూస్తే మిగతావి చూడక్కర్లేదు.

డబ్బా కంటే ముందు కంచం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల వాడికి 50 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములైతే మంచిది, అంటే 72 నుంచి 96 గ్రాములు. వినడానికి భయంగా ఉంటుంది కానీ మన తిండిలోనే దొరుకుతుంది. మూడు గుడ్లలో 18 గ్రాములు. మీల్‌మేకర్ 50 గ్రాములు వండుకుంటే 26. కందిపప్పు 50 గ్రాములకు 11, గుప్పెడు పల్లీలకు 7, పాలు, పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లకు 12. రోజు మొత్తంలో తినే 300 గ్రాముల బియ్యంలో కూడా 20 దాకా ఉంటాయి. కూడితే 94.

హాస్టల్ పిల్లలకు ఇదంతా కుదరదని తెలుసు. హాస్టల్ పప్పులో పప్పు వెతుక్కోవాల్సిందే. గదిలో నానబెట్టిన శనగలు, వేయించిన పల్లీలు, ఉడికించిన గుడ్లు, ఈ మూడింటితో లోటు చాలావరకు పూడుతుంది. వే ప్రొటీన్ విషం కాదు, పాల నుంచి తీసిన పొడే. తినే తిండితో లెక్క సరిపోతున్నప్పుడు దానికి వేలు పోయాల్సిన పని లేదు. కొనాలనుకుంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ ఉన్న సీల్ డబ్బానే కొనండి, విడిగా కవర్లో కట్టి ఇచ్చేది వద్దు.

ఇక ఇంజెక్షన్లు, పేరు లేని మాత్రలు. ‘నోటిఫికేషన్ దగ్గరపడింది, ఇది వేసుకుంటే నెలలో తేడా చూస్తావు’ అనే అన్న మీకూ ఎదురవుతాడు. స్టెరాయిడ్లు బయటి నుంచి ఎక్కితే ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టిరాన్ ఆగిపోతుంది. వృషణాలు కుంచించుకుపోవడం, సంతానం కలగకపోవడం, రక్తపోటు, గుండె, కాలేయం దెబ్బతినడం వరకు వెళ్తుంది. ఉద్యోగాలకు ఎలాగూ మెడికల్ టెస్ట్ ఉంటుంది, అక్కడ బీపీ ఎక్కువ వస్తే ఎవరికి చెప్పుకుంటారు? 35 కిలోలు ఎత్తడానికి సూది అవసరం లేదు. అలాంటి సలహా వచ్చిన జిమ్‌లో ఫీజు మిగిలి ఉన్నా సరే, బయటకు రండి.

నిద్ర సంగతి కూడా. పొద్దున పరుగు, పగలు కాలేజీ, సాయంత్రం జిమ్, రాత్రి రెండింటి దాకా కరెంట్ అఫైర్స్ అంటే ఒళ్లు ఒప్పుకోదు. కండ బాగుపడేది పడుకున్నప్పుడే. ఏడు గంటలు కుదరని రోజు జిమ్‌ను గంట నుంచి ముప్పావు గంటకు తగ్గించండి, సెట్ ఒకటి తీసేయండి. పూర్తిగా మానడం కంటే అది మేలు.

ఇంటర్నల్స్ వారం వచ్చిందనుకోండి, మూడు రోజుల బదులు ఒక్క రోజు వెళ్లినా తెచ్చుకున్న బలం చాలావరకు నిలుస్తుంది. రెండు వారాలు పూర్తిగా ఆగిపోతే తిరిగి వెళ్లినప్పుడు నోట్‌బుక్‌లో చివరగా రాసిన బరువు నుంచి పది శాతం తగ్గించి మొదలుపెట్టండి. 40 దగ్గర ఆగితే 36కు దగ్గరగా ప్లేట్లు కుదిరినంత. వారంలో మళ్లీ అక్కడికి చేరతారు.

గ్రూప్-డీ రాత పరీక్ష ముగిసిన రోజు నుంచి ఫిజికల్ పిలుపు వచ్చేదాకా ఎన్ని వారాలు దొరుకుతాయో ఎవరూ ముందే చెప్పలేరు. పన్నెండు వారాల లెక్క పైన ఉంది. అప్లికేషన్ పెట్టిన రోజే సంచి కుట్టించుకోండి.